సర్వీస్ ఆగింది, లాగ్ ఏం చెబుతోంది?

లినక్స్ సర్వర్లలో సర్వీసుల లాగ్‌లు చూడటం గురించి ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. సర్వీస్ అంటే వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్, లాగ్ అంటే అది రాసే సందేశాల చిట్టా. ప్రశ్నలు దాదాపు అన్నీ సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి, ఆపి, కనిపెట్టుకునే ప్రోగ్రామ్) నడిచే యంత్రాల గురించే. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, ఆర్చ్ ఏదైనా జవాబులు ఒకటే. తేడా ఉన్నచోట చెప్పాం.

కమాండ్లను తెలుగు లిపిలో ఇస్తున్నాం. కొట్టేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే; పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా రాశాం. యూనిట్, కాన్ఫిగ్ ఫైళ్లలో రాసే శీర్షికల్లో, సెట్టింగ్ పేర్లలో మాత్రం ఒక్కో మాట మొదటి అక్షరం పెద్దది. ఒక్క అక్షరం ఆప్షన్లకు ఆ అక్షరం పేరే పెట్టాం: -యు, -ఎఫ్, -ఎన్ ఇలా. 'సీటీఎల్' అన్నచోట సి, టి, ఎల్ అనే మూడక్షరాలు ముందున్న మాటకు కలిపి కొట్టాలి.

ప్రశ్న: సర్వీస్ స్టార్ట్ కాలేదు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే చివర పది లైన్లే కనిపిస్తున్నాయి, అవి కూడా కుడివైపు తెగిపోతున్నాయి. పూర్తి లాగ్ ఎలా చూడాలి?

జవాబు: స్టేటస్ పని సర్వీస్ బతికుందో లేదో చెప్పడం వరకే. కింద కనిపించే ఆ పది లైన్లు రుచి చూపించడానికి మాత్రమే. అసలు లాగ్ జర్నల్‌లో, అంటే సిస్టమ్‌డీ అన్ని సర్వీసుల సందేశాలనూ పోగుచేసే చోట, ఉంటుంది. కమాండ్ మొదట్లోని సుడో దాన్ని రూట్ (నిర్వాహకుడి) హక్కులతో నడిపిస్తుంది:

సుడో జర్నల్‌సీటీఎల్ -యు మైయాప్ -బి -ఇ

మైయాప్ అన్నచోట మీ సర్వీస్ పేరు పెట్టండి, చివర '.సర్వీస్' అని చేర్చకపోయినా అర్థం చేసుకుంటుంది. -బి అంటే యంత్రం ఈసారి బూట్ అయినప్పటి నుంచి మాత్రమే. -ఇ అంటే నేరుగా చివరకు తీసుకెళ్లడం. -ఇ లేకపోతే అతి పాత లైను దగ్గర తెరుచుకుంటుంది. నెలల లాగ్ ఉన్న సర్వర్లో అక్కడి నుంచి కిందికి రావడం నరకం. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: -ఇ ఇచ్చినప్పుడు చివరి 1000 లైన్లే తెస్తుంది. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే -ఎన్ 5000 అని కూడా ఇవ్వండి.

తెరుచుకునేది లెస్ అనే పేజర్, అంటే పొడవాటి రాతను తెరకు సరిపడా ముక్కలుగా చూపించే ప్రోగ్రామ్. స్లాష్ కొట్టి మాట రాస్తే కిందికి వెతుకుతుంది, ప్రశ్నార్థకం కొడితే పైకి వెతుకుతుంది, ఎన్ కొడితే తర్వాతి చోటుకు వెళ్తుంది, క్యూ కొడితే బయటికొస్తుంది. చివరన ఉన్నారు కాబట్టి ప్రశ్నార్థకంతో పైకి వెతకడమే సులువు.

లైన్లు కుడివైపు తెగడం లోపం కాదు. జర్నల్‌సీటీఎల్ లెస్‌ను పిలిచేటప్పుడు పొడవాటి లైన్లను మడతపెట్టవద్దని చెప్పి పిలుస్తుంది. కుడి బాణం నొక్కితే మిగతా భాగం కనిపిస్తుంది. మడతపడి కనిపించాలంటే లెస్ లోపలే ఉండగా హైఫన్, ఆ వెంటనే పెద్ద అక్షరం ఎస్, తర్వాత ఎంటర్ నొక్కండి. పేజరే వద్దనుకుంటే కమాండ్ చివర --నో-పేజర్ చేర్చండి. స్టేటస్‌కు కూడా -ఎల్ --నో-పేజర్ ఇస్తే లైన్లు తెగవు.

ఫెయిలైన వెంటనే జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌ఇయు చూడమని టెర్మినల్ సలహా ఇస్తుంది కదా, అందులో -ఎక్స్ కొన్ని సందేశాల కింద వివరణ పేరాలు చేరుస్తుంది. ఆ వివరణల్లో ఎక్కువ భాగం 'ఈ యూనిట్ ఫెయిలైంది' అని మళ్లీ చెప్పేవే (సిస్టమ్‌డీ భాషలో సర్వీస్ కూడా ఒక యూనిటే). అసలు ఎర్రర్ వాటి మధ్య పడి కంటికి ఆనదు. మా సలహా: ఎక్స్ తీసేసి చదవండి.

ప్రశ్న: జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ పెట్టి కూర్చుంటే నా పైథాన్ ప్రోగ్రామ్ ప్రింట్ చేసే లైన్లు రావు. చాలాసేపటికి ఒక్కసారిగా గుంపుగా పడతాయి. టెర్మినల్లో విడిగా నడిపితే మాత్రం వెంటవెంటనే వస్తున్నాయి. జర్నల్ ఆలస్యం చేస్తోందా?

జవాబు: జర్నల్ తప్పేమీ లేదు. లైన్లు మీ ప్రోగ్రామ్ బఫర్లోనే, అంటే రాతను తాత్కాలికంగా దాచుకునే మెమరీలోనే, ఆగిపోతున్నాయి. స్టాండర్డ్ ఔట్‌పుట్ టెర్మినల్‌కు కలిసి ఉంటే ప్రతి లైనూ పూర్తికాగానే బయటికి పంపుతారు. టెర్మినల్ కానప్పుడు, అంటే ఫైల్, పైప్, జర్నల్ సాకెట్ ఏదైనా సరే, కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా దాచి ఒకేసారి వదులుతారు. పైథాన్‌కే కాదు, సి లైబ్రరీ మీద నడిచే చాలా ప్రోగ్రాములకు ఇదే పద్ధతి. చిన్న లైన్లు రాసే ప్రోగ్రామైతే ఆ బఫర్ నిండటానికి గంటలు పట్టొచ్చు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపితే బఫర్లో మిగిలినదంతా పోతుంది. సరిగ్గా చావుకు ముందు రాసిన, మనకు కావాల్సిన లైన్లే జర్నల్‌కు చేరవు.

పైథాన్‌కు మందు సులువు. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ మైయాప్ అని కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో [సర్వీస్] అనే శీర్షిక, దాని కింద

ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1

అని రాసి సేవ్ చేయండి. శీర్షికలో, ఎన్విరాన్‌మెంట్‌లో మొదటి అక్షరం పెద్దది. పైథాన్‌అన్‌బఫర్డ్ మొత్తం పెద్ద అక్షరాలే, మధ్యలో ఖాళీ లేదు. తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. ఇది కాకపోతే యూనిట్‌లో ప్రోగ్రామ్‌ను నడిపే ఎగ్జెక్‌స్టార్ట్ లైన్లో పైథాన్ తర్వాత -యు పెట్టినా అదే ఫలితం.

ఇదే చిక్కు, ఇచ్చిన మాట ఉన్న లైన్లను ఏరే గ్రెప్ కమాండ్‌తోనూ వస్తుంది. జర్నల్ లైన్లను ఒక గ్రెప్‌కు, దాని నుంచి ఇంకో గ్రెప్‌కు పంపితే మొదటి గ్రెప్ తన ఔట్‌పుట్‌ను దాచుకుంటుంది, ఎందుకంటే దాని ఎదురుగా ఉన్నది టెర్మినల్ కాదు, పైప్. ఇలా రాయండి:

సుడో జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ -యు మైయాప్ | గ్రెప్ --లైన్-బఫర్డ్ టైమౌట్ | గ్రెప్ -వి హెల్త్

చివరి గ్రెప్ టెర్మినల్‌కే రాస్తుంది కాబట్టి దానికి ఆ ఆప్షన్ అక్కర్లేదు. ఫలితాన్ని ఫైల్లోకి మళ్లిస్తే మాత్రం చివరిదానికీ కావాలి.

-ఎఫ్ గురించి ఇంకో రెండు ముక్కలు. మొదలుపెట్టగానే చివరి పది లైన్లు చూపించి, అక్కడి నుంచి కొత్తవి పడుతుంటాయి. వెనక ఇంకొంత సందర్భం కావాలంటే -ఎన్ 100 -ఎఫ్ ఇవ్వండి. పాతవేవీ వద్దంటే -ఎన్ 0 -ఎఫ్. ఆపడానికి కంట్రోల్-సి. దాంతో ఆగేది చూడటమే, సర్వీస్‌కు ఏమీ కాదు.

ఒకదానిపై ఒకటి ఆధారపడిన సర్వీసులుంటే -యు రెండుసార్లు ఇవ్వండి: -యు మైయాప్ -యు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ -ఎఫ్. రెండింటి లైన్లూ జరిగిన వరుసలోనే కలిసి వస్తాయి. డేటాబేస్ ముందు పడిపోయి యాప్ దాని వెనక పడిందా, లేక యాపే ముందు పడిందా అన్నది విడివిడి కిటికీల్లో చూస్తే ఎప్పటికీ తేలదు.

ప్రశ్న: సర్వీస్ నడుస్తూనే ఉంది, లాగ్ అడిగితే 'నో ఎంట్రీస్' అంటోంది. ఎందుకు?

జవాబు: నాలుగు కారణాలు ఉండొచ్చు. ఈ వరుసలోనే చూసుకోండి.

అనుమతి లేకపోవడం. మామూలు యూజర్‌కు తన సొంత ప్రాసెస్‌ల లాగ్ మాత్రమే కనిపిస్తుంది. పైన 'హింట్' అంటూ ఒక సూచన వస్తుంది, దాన్ని చాలామంది చదవరు. సుడోతో కొట్టి చూడండి. ప్రతిసారీ సుడో ఎందుకనుకుంటే మీ యూజర్‌ను సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూపులో చేర్చుకోవచ్చు:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ సిస్టమ్‌డీ-జర్నల్ మీయూజర్

ఇక్కడ ఏ చిన్నది, జీ పెద్దది. ఏ మరిచిపోయారంటే మీరున్న మిగతా గ్రూపులన్నీ తీసేసి ఈ ఒక్కదాన్నే మిగులుస్తుంది. సుడో గ్రూపు కూడా పోతుంది, తర్వాత సరిచేసుకోవడానికి కూడా దారి ఉండదు. ఎంటర్ కొట్టేముందు లైన్‌ను మరోసారి చదవండి. గ్రూపు మార్పు లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది.

పేరు తప్పు కావడం. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సర్వీస్‌ను డెబియన్, ఉబుంటుల్లో ఎస్ఎస్‌హెచ్ అంటారు, ఫెడోరా, ఆర్చ్‌లలో చివర డీ చేరి ఎస్ఎస్‌హెచ్‌డీ అవుతుంది. వేళకు పనులు నడిపే క్రాన్‌కూ అంతే, ఫెడోరాలో క్రాన్‌డీ. లేని పేరు ఇచ్చినా జర్నల్‌సీటీఎల్ తప్పు పేరని చెప్పదు, ఊరికే ఖాళీ చూపిస్తుంది. ముందు సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్స్ --టైప్=సర్వీస్ కొట్టి అసలు పేరు పట్టుకోండి. పేరులో నక్షత్రం కూడా పెట్టొచ్చు, కోట్స్‌లో ఉంచితే చాలు: -యు 'మైయాప్*'.

సర్వీస్ యూజర్ స్థాయిలో నడవడం. సిస్టమ్‌సీటీఎల్ --యూజర్‌తో మొదలుపెట్టిన సర్వీస్ లాగ్‌ను కూడా --యూజర్‌తోనే అడగాలి: జర్నల్‌సీటీఎల్ --యూజర్ -యు మైయాప్. దీనికి సుడో పెట్టకూడదు; పెడితే రూట్ యూజర్ సర్వీసుల్లో వెతుకుతుంది.

ప్రోగ్రామ్ జర్నల్‌కు రాయకపోవడం. వెబ్ సర్వర్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఎంజినెక్స్‌కు -యు ఇస్తే స్టార్ట్, స్టాప్, కాన్ఫిగ్ తప్పులు తప్ప ఇంకేమీ దొరకవు. ఎవరు ఏ పేజీ అడిగారన్నది, 502 ఎర్రర్ ఎందుకొచ్చిందన్నది /వర్/లాగ్/ఎంజినెక్స్ కింద ఉన్న యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ ఫైళ్లలో ఉంటుంది. డేటాబేస్‌లకూ చాలాసార్లు సొంత ఫైళ్లుంటాయి. జర్నల్ ఖాళీగా ఉంటే ఆ ప్రోగ్రామ్ కాన్ఫిగ్‌లో లాగ్ ఎక్కడికి వెళ్తోందో చూడండి.

ఎస్ఎస్‌హెచ్ విషయంలో ఇంకో మెలిక ఉంది. లాగిన్ అయ్యాక ఆ ప్రాసెస్ సర్వీస్ నుంచి విడిపోయి యూజర్ సెషన్ కిందికి వెళ్తుంది. దాంతో డిస్కనెక్ట్ వంటి సందేశాలు -యు వడపోతలో పడవు. యూనిట్ పేరుతో కాక ప్రోగ్రామ్ పేరుతో అడగండి: -టి ఎస్ఎస్‌హెచ్‌డీ. 2024లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8 నుంచి సెషన్ భాగం విడి ప్రోగ్రామ్ అయింది, కాబట్టి కొత్త యంత్రాల్లో -టి ఎస్ఎస్‌హెచ్‌డీ-సెషన్ అని కూడా చేర్చాలి.

ప్రశ్న: రాత్రి రెండు గంటల ప్రాంతంలో సర్వీస్ పడిపోయింది. ఎర్రర్లు మాత్రమే చూద్దామని -పి ఎర్ర్ పెడితే ఏమీ రాలేదు. మరి ఎందుకు పడిపోయినట్టు?

జవాబు: తీవ్రత వడపోతను నమ్మి చాలామంది మోసపోయేది ఇక్కడే. జర్నల్‌లో 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయులున్నాయి: ఎమర్జ్, అలర్ట్, క్రిట్, ఎర్ర్, వార్నింగ్, నోటీస్, ఇన్ఫో, డీబగ్. -పి ఎర్ర్ అంటే 0 నుంచి 3 వరకు. కానీ ఆ స్థాయిని పెట్టాల్సింది ప్రోగ్రామ్. స్టాండర్డ్ ఔట్‌పుట్‌కో, స్టాండర్డ్ ఎర్రర్‌కో ఊరికే రాసే ప్రోగ్రామ్ లైన్లన్నిటికీ సిస్టమ్‌డీ ఇన్ఫో, అంటే 6 స్థాయి వేస్తుంది. లైన్లో 'ఎర్రర్' అని రాసి ఉన్నా, పైథాన్ ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే వివరం) మొత్తం అందులోనే ఉన్నా, జర్నల్ లెక్కలో అది ఇన్ఫోనే. -పి ఎర్ర్ ఆ లైన్లన్నిటినీ దాచేస్తుంది.

అందుకే ముందు సమయంతో కుదించండి, తీవ్రతతో కాదు:

సుడో జర్నల్‌సీటీఎల్ -యు మైయాప్ --సిన్స్ "2025-03-14 01:50" --అంటిల్ "2025-03-14 02:20"

తేదీ సంవత్సరం-నెల-రోజు వరుసలోనే ఉండాలి, కోట్స్ తప్పనిసరి. "1 అవర్ అగో", "ఎస్టర్‌డే", "టుడే" వంటి ఇంగ్లీషు మాటలూ ఒప్పుకుంటుంది. ఇచ్చిన సమయాన్ని ఆ యంత్రం టైమ్‌జోన్‌లోనే లెక్కవేస్తుంది. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండి మీ గడియారం ఇంకోలా ఉంటే గంటల తేడాతో వేరే సమయం లాగ్ చూస్తారు. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి చూసుకున్నాకే సమయాలు రాయండి.

ఇప్పుడు సర్వీస్ చచ్చిపోయిన చోట సిస్టమ్‌డీ రాసిన లైన్‌ను పట్టుకోండి. 'మెయిన్ ప్రాసెస్ ఎగ్జిటెడ్' అని మొదలై, కోడ్, స్టేటస్ అని రెండు ముక్కలుంటాయి. కోడ్=ఎగ్జిటెడ్, స్టేటస్=1/ఫెయిల్యూర్ అయితే ప్రోగ్రామ్ తనంతట తానే తప్పుకుంది; కారణం దానికి పైన ఉన్న దాని సొంత లైన్లలో ఉంటుంది. కోడ్=కిల్డ్, స్టేటస్=9/కిల్ అయితే బయటి నుంచి ఎవరో చంపారు; ప్రోగ్రామ్‌కు చివరి మాట రాసే అవకాశం కూడా దొరకలేదు, కాబట్టి దాని లాగ్‌లో ఎంత వెతికినా లాభం లేదు. కోడ్=డంప్డ్, స్టేటస్=11/సెగ్వీ అయితే ప్రోగ్రామ్ మెమరీలో తాకకూడని చోట తాకింది.

9/కిల్ వస్తే ముందు అనుమానించాల్సింది మెమరీని. అది అయిపోతే కెర్నెల్, అంటే లినక్స్ మూలభాగం, ప్రోగ్రాములను చంపుతుంది. -యు పెడితే కెర్నెల్ లైన్లు రావు, విడిగా అడగాలి:

సుడో జర్నల్‌సీటీఎల్ -కె -జి "ఔట్ ఆఫ్ మెమరీ"

-జి ఇచ్చే మాట మొత్తం చిన్న అక్షరాల్లో ఉంటే పెద్ద, చిన్న తేడా లేకుండా వెతుకుతుంది. -కె ఈ బూట్ లాగే చూస్తుంది; తర్వాత యంత్రం రీబూట్ అయి ఉంటే -బి -1 కూడా చేర్చండి. 'కిల్డ్ ప్రాసెస్' అని మీ ప్రోగ్రామ్ పేరు, నంబరు కనిపిస్తే తేలిపోయినట్టే. ఆ లైను 'మెమరీ సీగ్రూప్' అని మొదలైతే యంత్రం మొత్తం మెమరీ అయిపోలేదు, ఆ సర్వీస్‌కు పెట్టిన హద్దు దాటింది. యూనిట్‌లో మెమరీమ్యాక్స్ ఎంతుందో చూడాలి. కెర్నెల్‌లో ఏమీ లేకపోతే సర్వీస్ లాగ్‌లో 'టైమ్డ్ ఔట్', 'కిల్లింగ్' ఉన్నాయేమో చూడండి. ఆగమని చెప్పినా గడువులోగా ఆగని ప్రాసెస్‌ను సిస్టమ్‌డీయే చంపుతుంది. ఆ గడువు మామూలుగా 90 సెకన్లు, కొత్త ఫెడోరాల్లో 45.

మీ ప్రోగ్రామ్‌లోనే స్థాయులు సరిగా పడాలంటే లైను మొదట్లో <3> అని రాయించండి. జర్నల్ ఆ గుర్తును చదివి ఎర్ర్ స్థాయి వేసి, గుర్తును తీసేసి మిగతాది దాచుకుంటుంది. షెల్ స్క్రిప్టులకు కూడా ఇది పనిచేస్తుంది.

ప్రశ్న: 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అని వచ్చి సర్వీస్ ఇక లేవడం లేదు. ఈ ఎర్రర్‌కు పరిష్కారం ఏమిటి?

జవాబు: అది ఎర్రర్ కాదు, ఫలితం. పది సెకన్లలో ఐదుసార్లు మొదలుపెట్టి ఐదుసార్లూ పడిపోతే సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. రీస్టార్ట్‌కు రీస్టార్ట్‌కు మధ్య మామూలు విరామం 100 మిల్లీసెకన్లే. అందుకే ఐదు ప్రయత్నాలూ కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి, స్టేటస్ చూపించే పది లైన్లూ ఆ రీస్టార్ట్ గోలతోనే నిండిపోతాయి. పైకి వెళ్లి మొట్టమొదటి వైఫల్యాన్ని చదవండి.

అక్కడ స్టేటస్=203/ఎగ్జెక్ కనిపిస్తే ప్రోగ్రామ్ అసలు మొదలుకాలేదు. ఎగ్జెక్‌స్టార్ట్‌లో దారి తప్పు, లేదా ఫైల్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి లేదు, లేదా స్క్రిప్టు మొదటి లైన్లో చెప్పిన ఇంటర్‌ప్రిటర్ ఆ చోట లేదు. విండోస్‌లో ఎడిట్ చేసి తెచ్చిన స్క్రిప్టైతే మొదటి లైను చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. ఇంటర్‌ప్రిటర్ పేరుకు అదీ అంటుకుపోయి 'అలాంటి ఫైల్ లేదు' అంటుంది. ఫైల్ అనే కమాండ్‌కు స్క్రిప్టు పేరిస్తే సీఆర్ఎల్ఎఫ్ అని చూపించేస్తుంది. 200/సీహెచ్‌డిర్ అయితే వర్కింగ్ డైరెక్టరీ లేదు, 217/యూజర్ అయితే యూనిట్‌లో రాసిన యూజర్ లేడు.

సరిచేశాక సుడో సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్ మైయాప్ కొట్టి, తర్వాత స్టార్ట్ చేయండి. రీస్టార్ట్‌సెక్=5 పెడితే ఈ సందేశం పోతుందని కొందరు సలహా ఇస్తారు. పోయే మాట నిజమే. ఐదు సెకన్లకోసారి అయితే పది సెకన్లలో ఐదు ఎప్పటికీ కావు. కానీ పాడైన సర్వీస్ అలాగే పడుతూ లేస్తూ ఉంటుంది, లాగ్ నిండుతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. విరామం పెంచితే స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్ కూడా దానికి తగ్గట్టు, ఉదాహరణకు 60కి, పెంచండి. ఇది [యూనిట్] భాగంలో రాయాలి, [సర్వీస్]లో కాదు.

ప్రశ్న: యంత్రం రీబూట్ అయ్యాక పాత లాగ్ మొత్తం మాయం. కరెంటు పోయి ఆగిన రోజున చివరి నిమిషాల లాగ్ అసలే లేదు.

జవాబు: ఇవి రెండూ వేరు వేరు విషయాలు.

మొదటిది, జర్నల్ మెమరీలోనే ఉంటోంది. స్టోరేజ్ అనే సెట్టింగ్ చాలా యంత్రాల్లో ఆటోలో ఉంటుంది: /వర్/లాగ్/జర్నల్ డైరెక్టరీ ఉంటే డిస్కు మీద రాస్తుంది, లేకపోతే /రన్/లాగ్/జర్నల్‌లో రాస్తుంది, అది రీబూట్‌తో పోతుంది. ఆ డైరెక్టరీ సృష్టించడమే మందు:

సుడో ఎంకేడిర్ -పి /వర్/లాగ్/జర్నల్
సుడో సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ --క్రియేట్ --ప్రిఫిక్స్ /వర్/లాగ్/జర్నల్
సుడో జర్నల్‌సీటీఎల్ --ఫ్లష్

రెండో లైను డైరెక్టరీకి సరైన గ్రూపు, అనుమతులు పెడుతుంది. మూడోది మెమరీలో ఉన్నదాన్ని డిస్కుకు చేరుస్తుంది. ఇకనుంచి జర్నల్‌సీటీఎల్ --లిస్ట్-బూట్స్ కొడితే ఒక్కో బూట్‌కు ఒక్కో లైను కనిపిస్తుంది. 0 ఇప్పటిది, -1 కిందటిది. యంత్రం ఎందుకు పడిపోయిందో తెలియాలంటే -బి -1 -ఇ. డైరెక్టరీ పెట్టాక కూడా మాయమవుతుంటే జర్నల్‌డీ (జర్నల్‌ను రాసే ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో ఎవరో స్టోరేజ్=వొలటైల్ పెట్టి ఉంటారు.

రెండోది, జర్నల్ ప్రతి లైనుకూ డిస్కును సింక్ చేయదు, అంటే లైను డిస్కు మీదికి నిజంగా చేరిందని వెంటనే ఖాయం చేసుకోదు. క్రిట్, అంతకంటే తీవ్రమైన సందేశం వస్తే వెంటనే చేస్తుంది; మిగతావాటికి ఐదు నిమిషాలకోసారి. కరెంటు ఆ మధ్యలో పోతే ఆ ముక్క పోయినట్టే. సింక్‌ఇంటర్వల్‌సెక్ విలువను 30 సెకన్లకు తగ్గించుకోవచ్చు, బదులుగా డిస్కుకు రాతలు పెరుగుతాయి. మెమరీ కార్డు మీద నడిచే చిన్న బోర్డుల్లో ఆలోచించి చేయండి. అలా ఆగిన తర్వాత 'కరప్టెడ్ ఆర్ అన్‌క్లీన్‌లీ షట్ డౌన్' అని ఒక లైను వస్తుంది. పాత ఫైల్ పేరు చివర టిల్డ గుర్తు చేరి పక్కన ఉంటుంది. కంగారుపడి దాన్ని తుడిచేయకండి. అందులో చదవగలిగినదంతా జర్నల్‌సీటీఎల్ మామూలుగానే చూపిస్తుంది.

ప్రశ్న: జర్నల్ డైరెక్టరీ దాదాపు 4 జీబీ అయింది. లోపలి ఫైళ్లు ఆర్ఎంతో తీసేయొచ్చా?

జవాబు: వద్దు. జర్నల్‌డీ తెరిచి రాస్తున్న ఫైల్‌ను తుడిస్తే పేరు పోతుంది గాని చోటు ఖాళీ కాదు. ఇలా చేయండి:

సుడో జర్నల్‌సీటీఎల్ --రొటేట్
సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=500ఎం

ఎం పెద్దది. మొదటి లైను ఎందుకంటే వాక్యూమ్ పాత, మూసేసిన ఫైళ్లనే తుడుస్తుంది, రాస్తున్నదాన్ని ముట్టదు. రొటేట్ చేయకపోతే 500 అడిగినా అంతకంటే ఎక్కువే మిగలొచ్చు. రోజుల లెక్కన కావాలంటే --వాక్యూమ్-టైమ్=30డీ, డీ చిన్నది. ఎంత వాడుతోందో --డిస్క్-యూసేజ్ చెబుతుంది.

అదుపు తప్పిందని అనుకోవద్దు. డిస్కులో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ అన్నది దాని మామూలు హద్దు. మీది ఆ హద్దుకు చేరి ఆగింది. శాశ్వతంగా తగ్గించాలంటే /ఈటీసీ/సిస్టమ్‌డీ/జర్నల్‌డీ.కాన్ఫ్‌లో [జర్నల్] కింద సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=1జీ రాసి, సిస్టమ్‌డీ-జర్నల్‌డీ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి. ఆ సెట్టింగ్‌లో ఒక్కో మాట మొదటి అక్షరం, చివరి జీ పెద్దవి. కుదించే ముందు ఎవరు అంత రాస్తున్నారో చూడటం మంచిది. ఒక్క సర్వీస్ డీబగ్ స్థాయిలో వదిలేసి ఉంటే మిగతా అందరి పాత లాగ్‌నూ అదే తోసేస్తుంటుంది.

ప్రశ్న: 'సప్రెస్డ్' అని ఒక సంఖ్యతో లైను వస్తోంది, దాని చుట్టుపక్కల లాగ్ లేదు.

జవాబు: ఒక సర్వీస్ 30 సెకన్లలో 10,000 సందేశాల హద్దు దాటితే మిగతావి పారేసి, ఎన్ని పారేసిందో మాత్రం రాస్తుంది. డిస్కులో చోటు బాగా ఉంటే ఈ హద్దు ఇంకాస్త పెరుగుతుంది. పోయినవి తిరిగి రావు. ఆ సర్వీస్‌కు మాత్రమే హద్దు పెంచాలంటే యూనిట్ [సర్వీస్] భాగంలో లాగ్‌రేట్‌లిమిట్‌బర్స్ట్=50000, లాగ్‌రేట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=30 రాయండి. అందరికీ కలిపి హద్దు ఎత్తేయడం మాకు నచ్చదు. లూప్‌లో పడ్డ ప్రోగ్రామ్ ఒక్కటి చాలు, డిస్కును రాతలతో ముంచెత్తడానికి.

ప్రశ్న: టెయిల్ -ఎఫ్‌తో ఫైల్ లాగ్ చూస్తుంటే అర్ధరాత్రి దాటాక కొత్త లైన్లు ఆగిపోతున్నాయి.

జవాబు: అప్పుడు లాగ్‌రొటేట్ (పాత లాగ్ ఫైళ్లను పక్కన పెట్టే ప్రోగ్రామ్) పాత ఫైల్ పేరు మార్చి కొత్తది తెరిపిస్తుంది. చిన్న ఎఫ్ పేరు మారిన పాత ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది. పెద్ద ఎఫ్ వాడండి. అది పేరును అనుసరిస్తుంది, కొత్త ఫైల్ రాగానే దానికి మారుతుంది.

ప్రశ్న: చిన్న బోర్డు కంప్యూటర్లో బూట్ మొదట్లోని లాగ్‌కు పాత తేదీలు పడుతున్నాయి. --సిన్స్ టుడే ఇస్తే అవి రావు.

జవాబు: బ్యాటరీ గడియారం లేని బోర్డులకు నెట్‌వర్క్ నుంచి సమయం అందేదాకా సరైన తేదీ తెలియదు. అలాంటి యంత్రాల్లో సమయంతో కాక -బితో అడగండి. తేదీల బదులు బూట్ నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో కావాలంటే -ఓ షార్ట్-మోనోటోనిక్ చేర్చండి. గడియారం మధ్యలో దూకినా ఆ లెక్క చెదరదు.

ప్రశ్న: లాగ్‌ను వేరొకరికి పంపి సాయం అడగాలి. ఎంత, ఎలా పంపాలి?

జవాబు: స్క్రీన్ ఫోటో పంపకండి. అందులో వెతకలేరు, తెగిన లైన్లు చదవలేరు. సంఘటనకు పది నిమిషాల ముందు నుంచి ఐదు నిమిషాల తర్వాత వరకు --సిన్స్, --అంటిల్ పెట్టి, -ఓ షార్ట్-ఐఎస్ఓ --నో-పేజర్ చేర్చి, > గుర్తుతో ఫైల్లోకి మళ్లించండి. -యు లేకుండా ఆ సమయంలోని లాగ్ మొత్తం ఇస్తే ఇంకా మంచిది. డిస్కు నిండటం, నెట్‌వర్క్ తెగడం, మెమరీ అయిపోవడం మీ సర్వీస్ లైన్లలో ఉండవు, పక్కవాటిలో ఉంటాయి. -ఓ క్యాట్ మాత్రం వాడకండి, అది సమయాలు తీసేస్తుంది. పంపేముందు ఆ ఫైల్లో పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్, ఆథరైజేషన్ అనే మాటలను గ్రెప్ -ఐతో వెతకండి. డేటాబేస్ కనెక్షన్ చిరునామా మొత్తాన్ని, పాస్‌వర్డ్‌తో సహా, ఎర్రర్లో ముద్రించే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. అలాంటిది దొరికితే చెరిపేసి పంపండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.